వెనక చక్రం ఏమంటోంది?

కారుకు నోరు లేదు. కానీ చప్పుడు ఉంది. ఆవుకు ఒంట్లో బాగా లేకపోతే మేత మానేస్తుంది. అది చూసి ఇంటివాళ్లు తెలుసుకుంటారు. కారుకు బాగా లేకపోతే చప్పుడు చేస్తుంది. విని పట్టించుకున్నవాళ్లకు చిన్న ఖర్చుతో పోతుంది. విని ఊరుకుంటే ఖర్చు పెరుగుతుంది. ఒక్కోసారి ప్రాణాల మీదికి వస్తుంది.

కారు ఇప్పుడు ఊళ్లకు కొత్త కాదు. కాన్పు నొప్పులు వస్తే కారు మాట్లాడుకుంటారు. పెళ్లికి, తిరునాళ్లకు, తిరుపతికి కారులో పోతారు. కొంతమంది ఆడవాళ్లు సొంతంగా కారు కొని అద్దెకు తిప్పుతున్నారు. తామే నడుపుతున్నారు కూడా.

కారు నడవడం ఎంత ముఖ్యమో, ఆగడం అంతకన్నా ముఖ్యం. ఆపేది బ్రేకు. వెనక చక్రాల బ్రేకు చప్పుడు చేస్తే ముందుగా వినపడేది వెనక సీట్లో కూర్చున్నవాళ్లకే. ఇంజను చప్పుడులో డ్రైవరుకు అది వినపడకపోవచ్చు. అందుకని ఆ చప్పుడు ఏమిటో నడిపేవాళ్లే కాదు, ఎక్కేవాళ్లూ తెలుసుకోవాలి.

బ్రేకు ఎలా పని చేస్తుంది?

కారుకు నాలుగు చక్రాలు. నాలుగింటికీ బ్రేకులు ఉంటాయి. చాలా కార్లలో ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు, వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులు ఉంటాయి. 1983లో మన దేశంలో మారుతీ 800 కారు వచ్చింది. దాని వెనక చక్రాలకు డ్రమ్ము బ్రేకులే. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయింది. ఆల్టో, వ్యాగనార్ కార్లకు కూడా వెనక డ్రమ్ము బ్రేకులే.

డ్రమ్ము ఇనుప గిన్నెలా ఉంటుంది. చక్రానికి లోపలి పక్క బిగించి ఉంటుంది. చక్రంతో పాటే తిరుగుతుంది. ఆ గిన్నె లోపల రెండు షూలు ఉంటాయి. షూ అంటే కాలికి వేసుకునే బూటు కాదు. నెలవంకలా వంగిన ఇనుప బద్ద. దాని వీపు మీద గట్టి పట్టీ ఉంటుంది. ఆ పట్టీని లైనింగు అంటారు. షూలు చక్రంతో పాటు తిరగవు. ఉన్నచోటే ఉంటాయి.

డ్రైవరు కాలితో పెడలు తొక్కగానే గొట్టంలోని బ్రేకు ఆయిలు మీద ఒత్తిడి పడుతుంది. సిరంజిని వెనక నొక్కితే ముందు నుంచి మందు వస్తుంది కదా! ఇదీ అలాగే. ఆయిలు తోపుకు రెండు షూలూ విచ్చుకుంటాయి. తిరిగే డ్రమ్మును లోపలి నుంచి ఒరుసుకుంటాయి. ఆ రాపిడికి చక్రం నెమ్మదించి ఆగుతుంది. పెడలు మీది నుంచి కాలు తీస్తే స్ప్రింగులు షూలను వెనక్కి లాగేస్తాయి.

రాపిడి ఉన్నచోట వేడి పుడుతుంది. అరచేతులు రుద్దుకుంటే వేడెక్కుతాయి, అలాగే. రాపిడి ఉన్నచోట అరుగుదల కూడా ఉంటుంది. పలక మీద బలపం అరిగినట్టు లైనింగు అరుగుతుంది. అరగడం దాని పని. అరిగాక మార్చడం మనిషి పని.

ఇంకో సంగతి ఉంది. చాలా కార్లలో చేతి బ్రేకు వెనక చక్రాల మీదే పని చేస్తుంది. వాలులో నిలబెట్టిన కారు దొర్లిపోకుండా పట్టుకునేది ఈ వెనక బ్రేకులే. అవి పాడైతే నడిచే కారే కాదు, నిలబడిన కారు కూడా ప్రమాదమే.

చప్పుడు ఎందుకు వస్తుంది?

పలక మీద రాస్తుంటే బలపం ఒక్కోసారి కీచుమంటుంది. పళ్లు జివ్వుమంటాయి. బలపాన్ని కొంచెం వంచి పట్టుకుంటే ఆ కీచు పోతుంది. బలపం సరిగా ఆనకపోతే పలక మీద అదురుతుంది. ఆ అదురే కీచుమని వినిపిస్తుంది.

బ్రేకులోనూ ఇదే జరుగుతుంది. షూ డ్రమ్ముకు సాఫీగా ఆనకపోతే అదురుతుంది. మధ్యలో దుమ్ము చేరితే అదురుతుంది. లైనింగు గాజులా నున్నబడితే అదురుతుంది. స్ప్రింగు సడలినా అదురుతుంది.

ఏ చప్పుడుకు ఏ అర్థం?

చప్పుడు వినగానే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎప్పుడు వస్తోంది? ఎలా వస్తోంది? ఏ పక్క నుంచి వస్తోంది? ఈ మూడింటికి జవాబు దొరికితే సగం పని అయినట్టే.

పొద్దున్నే కీచుమని, నాలుగైదు సార్లు బ్రేకు వేశాక పోతే: రాత్రి వానకో మంచుకో డ్రమ్ము లోపల పలచగా తుప్పు పట్టింది. షూలు ఒరుసుకుని ఆ తుప్పు రాలిపోయింది. భయపడాల్సిన పని లేదు.

వాగు దాటాక, నీళ్లలో దిగాక వస్తే: డ్రమ్ము లోపల తడిసింది. అప్పుడు బ్రేకు పట్టు కూడా తగ్గుతుంది. వెనక ఏ బండీ లేదని చూసుకోవాలి. కారును మెల్లగా నడుపుతూ పెడలును తేలికగా కొన్నిసార్లు తొక్కాలి. రాపిడి వేడికి తడి ఆరుతుంది. పట్టు వచ్చిందని తేలాకే వేగం పెంచాలి.

బ్రేకు తొక్కిన ప్రతిసారీ కీచుమంటే: దుమ్ము పేరుకుని ఉండవచ్చు. లైనింగు నున్నబడి ఉండవచ్చు. అరిగిపోయి కూడా ఉండవచ్చు. విప్పి చూస్తేనే తెలుస్తుంది. త్వరగా షెడ్డుకు తీసుకుపోవాలి.

గరగరమంటే: ఇనుప గరిటెతో గిన్నె అడుగు గీకినట్టు చప్పుడు వస్తే అది చెడ్డ గుర్తు. లైనింగు పూర్తిగా అరిగింది. ఇనుము ఇనుమును కోస్తోంది. ఇక ఆ కారు నడపకూడదు.

బ్రేకు వేయగానే టక్కుమంటే: షూ వదులుగా ఉంది. లేదా స్ప్రింగు విరిగింది.

బ్రేకు తొక్కకపోయినా రాసుకుంటున్న చప్పుడు వస్తే: షూ వెనక్కి రావడం లేదు. చేతి బ్రేకు పూర్తిగా దించకపోయినా ఇలా అవుతుంది. దాని కేబులు పట్టేసినా అవుతుంది. ఆ చక్రం మిగతా చక్రాల కంటే బాగా వేడెక్కుతుంది. మాడిన వాసన వస్తుంది.

అన్ని చప్పుళ్లూ బ్రేకువి కావు. చక్రం బేరింగు అరిగితే బ్రేకు వేసినా వేయకపోయినా గుయ్యిమంటుంది. వేగం పెరిగే కొద్దీ ఆ మోత పెరుగుతుంది. చక్రం నట్లు వదులైతే కటకటమంటుంది. ఇదీ ప్రమాదమే, వెంటనే ఆపి బిగించాలి. డ్రమ్ముకూ దాని వెనక రేకుకూ మధ్య చిన్న రాయి ఇరుక్కున్నా గీరుకుంటున్న చప్పుడు వస్తుంది.

విప్పకుండానే చూడగలిగినవి

పానా పట్టకుండా కొన్ని చూసుకోవచ్చు.

ఒకటి, బ్రేకు ఆయిలు. కారు ముందు మూత ఎత్తితే చిన్న డబ్బా కనిపిస్తుంది. దాని మీద రెండు గీతలు ఉంటాయి. పై గీత దగ్గర మ్యాక్స్ అని, కింది గీత దగ్గర మిన్ అని ఇంగ్లీషులో ఉంటుంది. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు. ఆయిలు ఆ రెండు గీతల మధ్య ఉండాలి. లైనింగులు అరిగే కొద్దీ ఆయిలు మెల్లగా కొంత దిగుతుంది. తొందరగా దిగిపోతుంటే ఎక్కడో కారుతోందని అర్థం.

రెండు, చక్రం లోపలి వైపు. వంగి చూస్తే చక్రం లోపలి పక్క పొడిగా ఉండాలి. తడిగా, జిడ్డుగా ఉంటే ఆయిలు కారుతోంది.

మూడు, చేతి బ్రేకు. దాన్ని పైకి లాగుతుంటే టిక్ టిక్ మంటుంది. ఆ టిక్కులు లెక్క పెట్టాలి. ఎన్ని రావాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. లెక్క పెరిగితే షూలు అరిగి ఉండవచ్చు, లేదా కేబులు సాగి ఉండవచ్చు.

నాలుగు, వేడి. కొంత దూరం నడిపాక కారు ఆపి చక్రాల దగ్గరగా చేయి పెట్టి చూడాలి. తాకకూడదు, కాలుతుంది. రెండు వెనక చక్రాల్లో ఒకటి మాత్రమే సెగ కొడుతుంటే ఆ బ్రేకు పట్టేసింది.

ఐదు, ఎర్ర దీపం. స్టీరింగు ముందు ఉండే మీటర్లలో గుండ్రని గుర్తు ఉంటుంది. దాని మధ్యలో ఆశ్చర్యార్థకం ఉంటుంది. వాచకంలో “అబ్బా!” అన్న మాట పక్కన ఉండే గుర్తే అది. చేతి బ్రేకు వేస్తే ఆ దీపం వెలుగుతుంది. చేతి బ్రేకు దించాక కూడా వెలుగుతుంటే ఆయిలు తగ్గి ఉండవచ్చు. కారు కదిలించకుండా ముందు డబ్బా చూడాలి.

షెడ్డులో ఎలా మాట్లాడాలి?

ఒకామె సొంత కారు అద్దెకు తిప్పుతోంది అనుకుందాం. వారం నుంచి వెనక బ్రేకు కీచుమంటోంది. ఆమె షెడ్డుకు పోయింది. వాళ్ల మాటలు ఇలా సాగవచ్చు.

“అన్నా, వెనక ఎడమ చక్రం అరుస్తోంది. బ్రేకు తొక్కినప్పుడే వస్తోంది. వారం అయింది.”

“అన్ని బళ్లూ అరుస్తాయమ్మా. దుమ్ము చేరి ఉంటది. పైపైన కడిగి పంపిస్తా.”

“దుమ్మే అయితే మంచిదే. కానీ డ్రమ్ము విప్పి నాకు చూపించన్నా.”

మెకానిక్కు విప్పాడు. ఎడమ పక్క లైనింగు పలచబడి ఉంది.

“షూలు మార్చాలమ్మా. ఈ ఒక్క పక్క మారిస్తే చాలు. నీకు డబ్బులు మిగులుతాయి.”

“ఒక పక్క కొత్తవి, ఒక పక్క పాతవి ఉంటే బండి పక్కకు లాగదా అన్నా? రెండు పక్కలా వెయ్యి. తీసిన పాత షూలు నాకివ్వు. ఏం మార్చావో బిల్లు మీద రాసివ్వు.”

“పాతవి నీకెందుకమ్మా?”

“మార్చినట్టు నాకు తెలియాలి కదన్నా. బిల్లు నేను చదువుకుంటా.”

ఇందులో కోపం లేదు. కొట్లాట లేదు. డబ్బు ఇచ్చేవాళ్లు అడగాల్సిన మాటలే ఇవి. ఊరికే “బండి చప్పుడు చేస్తోంది” అంటే మెకానిక్కుకు ఏమీ తెలియదు. ఎప్పుడు, ఎలా, ఏ పక్క అని చెబితే పని త్వరగా అవుతుంది.

చక్రం విప్పేటప్పుడు

పని మెకానిక్కు చేసినా, దగ్గర నిలబడి చూసేవాళ్లకు పద్ధతి తెలిసి ఉండాలి.

కారు చదును నేల మీద ఉండాలి. ముందు చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాలి. డ్రమ్ము ఊడి రావాలంటే చేతి బ్రేకు దించాలి. అందుకే రాళ్లు మరువకూడదు. చక్రం నేల మీద ఉండగానే నట్లు కొంచెం వదులు చేయాలి. ఆ తర్వాతే జాకీ ఎక్కించాలి. జాకీతో పాటు గట్టి స్టాండు కూడా పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి ఎవరూ కారు కిందికి దూరకూడదు. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు.

డ్రమ్ము తీయగానే లోపల నల్లని దుమ్ము ఉంటుంది. దాన్ని నోటితో ఊదకూడదు. గాలి మిషనుతో కూడా కొట్టకూడదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ అనే పదార్థం ఉండేది. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ల తర్వాత పెద్ద జబ్బులు వస్తాయి. ఆస్బెస్టాస్ లేని దుమ్ము కూడా పీల్చకూడదు. తడి గుడ్డతో తుడవాలి. ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకోవాలి.

ఇప్పుడు ఒక్కొక్కటీ చూడాలి.

లైనింగు ఎంత మందం ఉంది? రూపాయి బిళ్ళ కంటే పలచబడితే మార్చాల్సిందే. పగుళ్లు ఉన్నా మార్చాలి. ఆయిలు పట్టినా మార్చాలి. నూనె చేతులతో గిన్నె పట్టుకుంటే జారిపోతుంది కదా! ఆయిలు పట్టిన లైనింగు కూడా అలాగే పట్టు ఇవ్వదు. అయితే ఆయిలు ఎక్కడి నుంచి కారుతోందో ముందు చూడాలి. ఆ సిలిండరు బాగు చేయకుండా కొత్త షూలు వేస్తే అవీ తడిసిపోతాయి.

లైనింగు మందంగానే ఉండి, గాజులా మెరుస్తోందా? అయితే సాండ్ పేపరుతో తేలికగా రుద్ది గరుకు చేస్తారు.

డ్రమ్ము లోపల గీతలు పడ్డాయా? చిన్న గీతలైతే లేత్ మిషను మీద తిప్పి నున్నగా చేస్తారు. కానీ దానికి హద్దు ఉంది. డ్రమ్ము లోపలి వెడల్పు ఎంత వరకు పెరగవచ్చో చాలా డ్రమ్ముల మీద అంకెల్లో రాసి ఉంటుంది. ఆ అంకె దాటితే డ్రమ్మే మార్చాలి.

స్ప్రింగులు సడలాయా? తుప్పు పట్టాయా? వీటిని కూడా షూలతో పాటు మార్చుకుంటే మంచిది.

షూలు వెనక రేకు మీద కొన్నిచోట్ల ఆని కదులుతుంటాయి. ఆ చోట్లు ఎండిపోతే తలుపు బందులా కిర్రుమంటాయి. అక్కడ వేడికి కరగని బ్రేకు గ్రీజు పలచగా రాయాలి. ఎంత? వేలి కొసకు అంటినంత చాలు. ఎక్కువైతే లైనింగు మీదికి పోతుంది. లైనింగుకు, డ్రమ్ము లోపలికి గ్రీజు అస్సలు తగలకూడదు. చప్పుడు పోతుందని కొందరు బ్రేకులో నూనె పోస్తారు. చప్పుడుతో పాటు బ్రేకే పోతుంది!

రెండు చక్రాలూ ఒకేసారి విప్పి పోగు పెట్టకూడదు. ఒకటి విప్పి, బిగించాకే రెండోది విప్పాలి. ఏ స్ప్రింగు ఎక్కడ తగిలించాలో సందేహం వస్తే రెండో చక్రం చూసి తెలుసుకోవచ్చు.

బిగించాక

కారు కదలకముందే పెడలు కొన్నిసార్లు తొక్కి చూడాలి. గట్టిగా తగలాలి. మెత్తగా దిగిపోతుంటే గొట్టంలో గాలి ఉండవచ్చు. ఆ గాలి తీయించాలి. తర్వాత ఖాళీ స్థలంలో మెల్లగా నడిపి బ్రేకు చూడాలి. అప్పుడే జనాన్ని ఎక్కించుకోవాలి. కొత్త షూలు డ్రమ్ముకు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, అవసరమైతే తప్ప, ఒక్కసారిగా గట్టిగా తొక్కకూడదు.

ఆయిలు పోయించేటప్పుడు సీసా మీద చదవాలి. డాట్ 3 అనో డాట్ 4 అనో ఉంటుంది. కారు డబ్బా మూత మీద ఏ అంకె ఉంటే అదే పోయాలి. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అందుకని ఎప్పుడో మూత తీసి వదిలేసిన సీసాలోది వాడకూడదు. ఇంజను ఆయిలు, కిరోసిను, డీజిలు ఒక్క చుక్క కూడా అందులో పోయకూడదు. లోపలి రబ్బర్లు ఉబ్బి బ్రేకు పని చేయదు.

కొండ దిగేటప్పుడు

తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో వచ్చింది. రెండోది 1974లో వచ్చింది. ఇప్పుడు బళ్లు రెండో దారిలో ఎక్కుతాయి, మొదటి దారిలో దిగుతాయి. దిగేటప్పుడు మలుపు తర్వాత మలుపు. కారు తన బరువుకు తానే జారుతుంటుంది. అలాంటిచోట పెడలు మీది నుంచి కాలు తీయకుండా దిగితే బ్రేకులు మండిపోతాయి. లైనింగు పైపొర నున్నబడుతుంది. కీచుమంటుంది. ఇంకా వేడెక్కితే తొక్కినా పట్టదు.

అందుకే ఏ గేరులో కొండ ఎక్కుతారో దాదాపు ఆ గేరులోనే దిగాలి. చిన్న గేరులో ఇంజనే కారును పట్టి ఉంచుతుంది. బ్రేకు అప్పుడప్పుడు వేసి వదలాలి. ఇంజను ఆపి దొర్లించకూడదు. పెట్రోలు మిగులుతుందని అలా చేస్తే బ్రేకు పట్టు తగ్గుతుంది. మాడిన వాసన వస్తే ఆపడానికి వీలైన చోట పక్కకు ఆపి చల్లారనివ్వాలి. వేడి డ్రమ్ము మీద నీళ్లు గుమ్మరించకూడదు. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే పెనం పగులుతుంది. డ్రమ్మూ అంతే.

ఎక్కేవాళ్ల మాట

పసుపు పలక మీద నల్ల అంకెలు ఉంటే అది అద్దె బండి. దానికి ఫిట్‌నెస్ పత్రం ఉండాలి. ఆ పత్రం మీద ఎప్పటి వరకు చెల్లుతుందో తేదీ ఉంటుంది. ఆ తేదీ చూపించమని అడగవచ్చు. చదువుకోవచ్చు.

వెనక నుంచి గరగర వినిపిస్తే డ్రైవరుతో చెప్పాలి. “బాబూ, వెనక చక్రం గరగరమంటోంది. పక్కకు ఆపి చూడు” అంటే చాలు. సిగ్గు పడాల్సింది లేదు. కారులో పసిపిల్ల ఉన్నా, నిండు చూలాలు ఉన్నా బ్రేకుకు తెలియదు. తెలిసినవాళ్లే చెప్పాలి.

గుర్తు పెట్టుకోండి

ఇవి కనిపిస్తే కారు వెంటనే ఆపాలి:
గరగరమని ఇనుము గీరుకునే చప్పుడు.
పెడలు నేలకు దిగిపోవడం.
బ్రేకు వేస్తే బండి ఒక పక్కకు లాగడం.
చక్రం నుంచి పొగ, మాడిన వాసన.
చేతి బ్రేకు దించినా ఆరని ఎర్ర దీపం.

లైనింగు అరిగినప్పుడే మారిస్తే షూల ఖర్చుతో పోతుంది. ఆలస్యం చేస్తే డ్రమ్ము ఖర్చు కూడా మీద పడుతుంది. ఇంకా ఆలస్యం చేస్తే పోయేది డబ్బుతో కొనలేనిది.

చెప్పండి చూద్దాం

1. చప్పుడు వినగానే వేసుకోవాల్సిన మూడు ప్రశ్నలు ఏవి?
2. ఒక పక్క షూలు మాత్రమే ఎందుకు మార్చకూడదు?
3. డ్రమ్ములోని దుమ్మును నోటితో ఎందుకు ఊదకూడదు?
4. మీ ఊళ్లో కారు ఉన్నవాళ్లను అడిగి బ్రేకు ఆయిలు డబ్బా చూడండి. ఆయిలు రెండు గీతల మధ్య ఉందా?